చుక్కబర్రె విన్న మాటలు

మా అత్తగారి కొట్టంలో ఒక కట్టుబాటు ఉండేది. బర్రెల ముందర చెడ్డమాట తెలుగులో అనకూడదు. అనక తప్పకపోతే ఉర్దూలో అనాలి. రోగం, చావు, అమ్మకం, కసాయి, వట్టిపోవడం, వీటిలో ఏ ఒక్కటీ తెలుగులో ఆ గడప దాటి లోపలికి రాకూడదు. పెళ్ళికి ముందు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మాత్రం చేసుకోనంటానా? ఆ రోజుల్లో ఆడపిల్లను అడిగి పెళ్ళి చేసిందెవరు గనక!

ఇల్లు పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డుకు దిగే సందులో ఉండేది. మామ తాతల కాలం నుంచి పాల వ్యాపారమే. పొద్దున పిండిన పాలు అఫ్జల్‌గంజ్ చాయ్ హోటళ్ళకు పోయేవి, మాపటి పాలు చుట్టుపక్కల ఇళ్ళకు. బయట బేరం ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగులో. నేను శంషాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చినదాన్ని. అక్కడ మాకు ఉర్దూ అంటే పట్వారీ కాగితాల మీద గీతలు, అంతే. లోకమంతా లడాయి నడుస్తున్న రోజులవి. మనుషులకు కిరసనాయిలు, పశువులకు తవుడు దొరకడం గగనంగా ఉండేది.

వచ్చిన కొత్తలో ఒక పొద్దున కొట్టం ఊడుస్తున్నాను. తల్లి పక్కన కట్టేసిన దుడ్డె ఒకటి మెడ వాల్చేసి పడుకుని ఉంది. కళ్ళల్లో పుసులు, ముక్కు మీద ఈగలు. చూసి, "అయ్యో అత్తమ్మా, ఈ దుడ్డె సచ్చేటట్టున్నదే!" అన్నాను. పాలచెంబు పక్కన పడేసి వచ్చింది అత్త. వచ్చీ రావడంతోనే అరచేత్తో నా నోరు మూసి, బయటికి ఈడ్చుకొచ్చి, గోలెం నీళ్ళతో నోరు పుక్కిలించమంది.

"తల్లి ముంగట గట్లంటరానే? అది ఇంటది. ఇంటే పాలు సేపుతదా?"

"మరెట్లనాలె అత్తమ్మా?"

"ఉర్దూల అను. గీ బర్రెలకు ఉర్దూ రాదు."

నాకూ రాదని చెబితే నేర్చుకోమంది. అట్లా నేను నేర్చుకున్న మొదటి ఉర్దూ మాటలన్నీ పశువుల చావు మాటలే. ఇంకొకరెవరైనా పానీ, రోటీ, సలాం అని మొదలుపెట్టి ఉంటారు. నేను బీమార్, బేకార్, ఖతం అని మొదలుపెట్టాను.

ఆ దుడ్డె బతకలేదు. మామ గడపలో నిలబడి "ఖతం" అన్నాడు, అంతే. తోలు వలిపించి, లోపల గడ్డి కుక్కి, కుట్టించి తెచ్చి తల్లి ముందర నిలబెట్టారు. పాలవాళ్ళ ఇళ్ళల్లో అది మామూలే, మా పల్లెలోనూ చూశాను. తల్లి దాన్ని నాకుతుంటే పొదుగులోకి పాలు దిగుతాయి. కానీ అత్త దాని వీపు నిమురుతూ "ఇగో నా బంగారం, నీ బిడ్డ ఆడుకొని వచ్చింది సూడు, సేపు తల్లీ, సేపు" అంటుంటే మాత్రం అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను. గొంతులో అంత ప్రేమ ఉంది మరి. అది దొంగ ప్రేమ అని ఇప్పటికీ అనలేను.

మా నాయన ఒకసారి ముసలెద్దును అమ్మాడు. అమ్మే ముందు దాని ఎదురుగా నిలబడి, "నాకు తప్పుతలేదు బిడ్డా, నిన్ను మేపలేను, అమ్ముతున్న" అని తెలుగులోనే చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మడమైతే అమ్మాడు, ఆయన్ని దేవుణ్ణి చేయబోవడం లేదు. కానీ దాని మొహం చూస్తూ చెప్పవలసి వచ్చేది గనక మా ఇంట్లో అలాంటి రోజు చాలా అరుదుగా వచ్చేది. అత్త ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు వచ్చేదో! ఎవరి గొంతూ పూడుకునేది కాదు. బర్రె గంగడోలు గోకుతూ, నవ్వు మొహంతో, జోలపాడే గొంతుతో "ఇస్కో కసాయి కో దే దో", దీన్ని కసాయికి ఇచ్చెయ్యి, అనేది అత్త. గొంతు మెత్తగా ఉంది గనక ఆ పిచ్చిముండ కళ్ళు మూసుకుని మెడ ఇంకా చాచేది.

ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో పాలు పోయడానికి వెళ్తే, హోటల్ యజమాని తన ముసలి నౌకరును చూపించి "బేకార్ హో గయా" అన్నాడు. పనికిరాకుండా పోయాడు, అని. ఆ ముసలాయన కప్పులు కడుగుతూ ఉన్నాడు. వెనక ఎవరైనా తాడు పట్టుకుని నిలబడ్డారేమోనని చూశాను. నవ్వకండి. ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో నేను కొట్టంలో చూసి ఉన్నాను.

ఆ ఏడాదే చుక్కబర్రె వచ్చింది. ఫలక్‌నుమా దిక్కున ఒక పాత దేవిడీలో, పెద్ద భవంతిలో, ముసలి బీబీ ఉండేది. భర్త పోయాడు, ఇల్లు పంపకాలై పోయింది, వాకిలి ఇంకొకరి పాలు పడింది. ఆ వాకిట్లోనే పుట్టి పెరిగిన బర్రెను అమ్మక తప్పలేదు. మామా, మా ఆయనా వెళ్ళి తోలుకొచ్చారు. పరదా వెనక బీబీ ఏడుస్తూనే ఉందట. ఎన్ని ఈతలు, పళ్ళెన్ని, పాలెన్ని, తన్నుతుందా, పొడుస్తుందా, అన్నీ అడిగి వచ్చారు మావాళ్ళు. ఏ మాటకు పలుకుతుందని మాత్రం అడగలేదు. బర్రెను కొనేటప్పుడు అలా అడగాలని ఏ పాలవాడికి తోస్తుంది?

నుదుటి మీద తెల్లచుక్క, నల్లని నిగనిగలాడే ఒళ్ళు, కళ్ళకు ఇంతేసి రెప్పలు. పక్కనే బుజ్జి దుడ్డె. దాని మేత, కడుగుడు నాకప్పగించారు. నాకది మొదటిరోజే నచ్చింది. నాలాగే దానికీ ఆ ఇంట్లో మాట తెలియనట్టు దిక్కులు చూస్తూ నిలబడింది.

పాలే ఇవ్వలేదు. అత్త కూర్చుని "సేపు తల్లీ, నా లచ్చిమీ" అని ఎంత బతిమాలినా పొదుగు బిగదీసుకునేది. దుడ్డె కుడిచేటప్పుడు దిగిన కాసిని తప్ప చెంబు అడుగు కూడా నిండేది కాదు. మామ మొహం మాడ్చుకున్నాడు. అంత పైకం పోసి కొన్నదాయె, తవుడు కరువాయె. "పొగరుబోతుది" అన్నాడు ముందు. ఆ తర్వాత దాని పక్కనే నిలబడి ఉర్దూలోకి దిగాడు. "బేకార్ హై. యే మహీనా దేఖేంగే, నై తో కసాయి." ఈ నెల చూద్దాం, లేకపోతే కసాయికి, అని. అత్త తలూపి, దాని వీపు నిమిరి, "హౌ, దే దేంగే" అంది, ఇచ్చేద్దాం అని.

ఇక రోజూ అదే పాట. పొద్దున పిండడానికి కూర్చున్నప్పుడొకసారి, మాపటికొకసారి. నెల తిరిగేలోపు అది పాలు ఇవ్వకపోతే పోతుంది. ఎలాగైనా ఇప్పించాలి. గానుగచెక్క నానబెట్టి పెట్టాను, కుడితిలో బెల్లంముక్క దొంగతనంగా వేశాను, మొక్కని దేవుడు లేడు. అది ఇంకా చిక్కిపోయింది.

అప్పుడే ఒక సంగతి నా కంట పడింది. మామ నోట "బేకార్" రాగానే దాని నెమరు ఆగిపోయేది. చెవులు ముందుకొచ్చేవి. మెల్లగా మెడ తిప్పి, మాట్లాడిన మనిషి మొహంకేసి చూసేది. అత్త తెలుగులో ఎన్ని ముద్దుమాటలు అన్నా ఇటు తిరిగేది కాదు. మిగతా బర్రెలు సరిగ్గా దీనికి ఎదురు. తెలుగుకు చెవులు ఆడించేవి, ఉర్దూకు పట్టనట్టు ఉండేవి.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి, దాని పక్కన నిలబడి "నీళ్ళు" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "పానీ" అన్నాను. లేచి, గోలెం దిక్కు తిరిగి నిలబడింది. సంతోషమో భయమో నాకే తెలియలేదు.

పరుగున వెళ్ళి అత్తకు చెప్పాను. బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టి మరీ నవ్వింది.

"బర్రెకు ఉర్దూ వస్తదా? మస్తుగున్నది తియ్యి. రేపు సర్కారు కచేరీల నౌకరి పెట్టిద్దాం."

"నవ్వకు అత్తమ్మా. తెలుగు ఇంటదంటివి కదా? తెలుగు ఇన్నది ఉర్దూ ఇనదా?"

"నోరు మస్తు లేస్తున్నదే నీకు. పో, పిడకలు తిరగెయ్యి పో."

మా ఆయనకు చెబితే ఇంకా సంబడం. "అమ్మ ముంగట గీ ముచ్చట మల్ల తీయకు. లొల్లి అయితది" అన్నాడు. ఆ మనిషికి ఎప్పుడూ లొల్లి అవుతుందనే ఫికరే గానీ ఏమవుతుందన్న ఫికర్ లేదు. "దున్నపోతు మీద వాన కురిసినట్టు" అనబోయి ఊరుకున్నాను. ఆ ఇంట్లో పశువును అడ్డం పెట్టుకుని మనిషిని తిట్టడానికి నాకు నోరు రాకుండా పోయింది. గొడ్డును బాదినట్టు బాదాడు అంటాం, గొడ్డుచాకిరీ అంటాం. గొడ్డును బాదడం సబబే, మనిషిని బాదడమే తప్పన్నట్టు.

పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని, వాడుక ఇళ్ళకు వేసివస్తానని చెప్పి, ఫలక్‌నుమా దాకా నడిచి వెళ్ళాను. కొన్నప్పుడు మామ పరదా అవతలే నిలబడ్డాడు, నేను ఆడదాన్ని గనక లోపలికి వెళ్ళగలిగాను. బీబీకి మిగిలింది ఒక్క గది. గోడకు ఆనుకుని మంచం, మంచం కింద ఉన్న నాలుగు గిన్నెలే ఆస్తి. నేను ఎవరో చెప్పగానే మొదటి మాట, "ఖాతీ హై నా?" అంది. తింటోందా అని. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

వచ్చీరాని ఉర్దూలో నా గోడు చెప్పుకున్నాను. ఆమె నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. పొదుగు మీద చెయ్యి వేసే ముందు "బిస్మిల్లా" అనాలట, అనకుండా ముడితే మొదటి ఈత నుంచీ అది ఒప్పుకోదట. తర్వాత మెల్లగా, పేరు పెట్టి పిలిచినట్టు, "ఆ జా బేటీ, ఆ జా మేరీ బేటీ" అనాలట. రా బిడ్డా, రా నా బిడ్డా, అని. అనేసి చూపించింది కూడా. చివర్లో గొంతు కాస్త సాగదీసింది. ఖాళీ గదిలో, ఎదురుగా ఏ పశువూ లేకుండా.

మా కొట్టం కట్టుబాటు సంగతి చెబితే బీబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మేమూ అంతే బహూ! దాని ముందు చెడ్డమాట అనవలసి వస్తే మీ తెలుగులో అనేవాళ్ళం" అంది. కూరగాయల మనిషి దగ్గర నేర్చుకుందట, "అమ్మాలె", "సచ్చిపోతది" అని రెండు ముక్కలు. వాటిని ఆమె ముద్దుముద్దుగా పలుకుతుంటే ఇద్దరం పగలబడి నవ్వాం. తిరిగివస్తూ శాలిబండ దగ్గరికొచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది. అంటే మా ముద్దుమాటలు ఒక్కటీ దాని చెవికెక్కలేదు. కసాయి మాట మాత్రం పూటపూటకూ ఎక్కింది.

ఆ మాపటికి చెంబు నేనే తీసుకున్నాను. నెల దగ్గరపడింది గనక అత్త దానిమీద ఆశ వదిలేసుకుంది. కింద కూర్చుని "బిస్మిల్లా" అన్నాను.

"ఏందే, నా కొట్టంల నమాజు సదువుతున్నవా?" అంది అత్త వెనకనుంచి.

నేను తిరిగి చూడలేదు. "ఆ జా బేటీ, ఆ జా మేరీ బేటీ" అన్నాను, బీబీ సాగదీసినట్టే సాగదీసి. బర్రె ఒళ్ళంతా ఒకసారి జలదరించింది. మెడ వంచి నా భుజం మీద పెద్ద ఊపిరి వదిలింది. నా వేళ్ళ కింద పొదుగు నిండుతూ రావడం నాకే తెలిసింది. ధార చెంబులో పడ్డ చప్పుడుకు మామ మంచం మీదినుంచి లేచి వచ్చాడు. చెంబు నిండింది, ఇంకో చెంబు తెప్పించాను, అదీ నిండింది.

గెలిచాననుకున్నాను. చేతులు తుడుచుకుంటూ, "సూసినవా అత్తమ్మా? దానికి ఉర్దూ తప్ప ఇంకోటి రాదు. బీబీ ఇంట్ల పుట్టింది కదా. ఇగ ఫికర్ లేదు" అన్నాను.

శభాష్ అంటారనుకున్నాను. అత్త గోలెం పక్కన రాతి మీద కూలబడింది. మొహంలో రక్తం లేదు.

"అయితే, గిన్ని దినాలు మనమన్నదంతా... ఇన్నదా?"

మామ దాని వైపు చూశాడు. అది నెమరు వేస్తూ ఆయన్నే చూస్తోంది. ఆయన కండువా సవరించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటితే పోయేది, ఇక్కడ కొట్టం గోడల మధ్యే ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆ కొట్టంలో ఎవరూ ఏ భాషా మాట్లాడలేదు. తెలుగులో ముద్దుమాట అనబోతే చుక్కబర్రె ముందర సిగ్గు, ఉర్దూలో ఏదైనా అనాలంటే భయం. వీపు తట్టడం, నాలుక చప్పరించడం, అంతే. అలవాటైన మాట లేక మిగతా బర్రెలు కూడా బెదిరినట్టు అటూ ఇటూ కదిలేవి. ధారల చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ కొట్టంలోకి వెళ్ళడానికి నేనే వెనకాడేదాన్ని.

మామ దాని కిందికి కూర్చోవడం మానేశాడు. "నాతోని కాదు. పొదుగు పట్టుకుంటే పైకెల్లి నన్నే సూస్తున్నట్టుంటది" అన్నాడు అత్తతో, వంటింట్లో, గుసగుసగా. మనిషి పిరికివాడు కాదు. పొడిచే బర్రెలను ఒంటిచేత్తో లొంగదీసినవాడు. నేనే పిండేదాన్ని. చుక్కబర్రె రోజురోజుకూ ఎక్కువ ఇచ్చింది. ఎంత ఎక్కువ ఇస్తే అత్త అంత వణికింది. ఆ పాలు ఇంట్లోకి రానివ్వలేదు. వేరే గిన్నెలో పట్టి, చక్కగా హోటళ్ళకు పంపించేది.

"గవి ఉసురు పాలు. మన నోట్ల పడొద్దు."

"మరి అఫ్జల్‌గంజోళ్ళ నోట్ల పడొచ్చా?" అన్నాను. ఒళ్ళు మండింది నాకు.

అత్త తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పిల్లవు. సావుమాట ఇన్న గొడ్డు ఇంట్ల ఉండొద్దు బిడ్డా. మా అత్త సెప్పింది, ఆమె అత్త ఆమెకు సెప్పింది" అంది.

ఒక పొద్దున నేను చాటుగా చూశాను. అత్త చుక్కబర్రె ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. "తప్పయింది తల్లీ. ఎరుకలేక అన్న. మనసుల పెట్టుకోకు" అంది. తెలుగులో. అది తవుడుకోసం ఆమె చేతులు వాసన చూసి, మొహం తిప్పుకుంది. అత్త అట్లాగే నిలబడిపోయింది. పుట్టింది మొదలు పురానాపూల్‌లోనే ఉన్న మనిషి, బజారులో ఉర్దూలో ఎవరినైనా నిలబెట్టి కడిగేయగలదు. పశువుతో అనడానికి మాత్రం ఆ భాషలో ఒక్క మంచిమాట కూడా ఆమెకు అలవాటు లేదు.

నేను ముందుకొచ్చి, "బేటీ అను అత్తమ్మా. గంతే. తెలుస్తది దానికి" అన్నాను. బతిమాలాను. గడ్డం పట్టుకున్నాను.

పెదవులు కదిలాయి. "నా నోటికి రాదే" అంది. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

అదే రోజు కసాయికి ఇచ్చేయాలని నిర్ణయం అయిపోయింది. బీబీకే తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఆమెకు మంచం వేసుకునే చోటే లేదు, బర్రెను ఎక్కడ కట్టుకుంటుందన్నాడు మా ఆయన. ఇంకో పాలవాళ్ళకు అమ్ముదామన్నాను. మన ఉసురు వాళ్ళ కొట్టంలోకి తోలితే రెండింతలై మనకే తగులుతుందంది అత్త. చెక్క పెట్టి, కడిగి, పిండే పని నాది, తీర్పు చెప్పే పని వాళ్ళది. నెల గడిచినా పాలు ఇవ్వకపోతే పోతుందనుకున్న బర్రె, రెండు చెంబులు నింపి పోతోంది. ఎవరితో చెప్పుకోను?

కసాయి వచ్చాడు. తెల్లగడ్డం, మెత్తని మనిషి. పొదుగు చూసి ఆగిపోయాడు. "పాలిస్తున్నదాన్ని ఎందుకమ్మా ఇస్తున్నరు?" అని తెలుగులోనే అడిగాడు. నేను అత్త మొహం చూశాను, అత్త మామ మొహం చూసింది, మామ గోడను చూశాడు. బేరం ఏ భాషలో చెయ్యాలో వాళ్ళకు తోచలేదు. తెలుగులో చెడ్డమాట అనకూడదాయె, ఉర్దూలో అంటే వింటుందాయె. చివరికి మామా కసాయీ ఒక కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కుకుని బేరం తేల్చారు. నోట మాట లేదు. సంతలో బేరానికి మా నాయన కూడా అట్లా చేసేవాడు, పక్కనున్న మనుషులకు ధర తెలియకూడదని. బర్రెకు తెలియకూడదని చేయగా చూడటం నాకదే మొదలు, అదే చివర.

దుడ్డెను ఇంట్లోనే ఉంచుకుంటామన్నారు, అది ఆడది గనక. దాన్ని వెనక గదిలో పెట్టి తలుపు వేశారు. తాడు విప్పి కసాయి లాగితే చుక్కబర్రె కదల్లేదు. నాలుగు కాళ్ళూ నేలలో పాతేసుకుని నిలబడింది. మా ఆయన వెనకనుంచి తోశాడు, మామ కర్ర అందుకున్నాడు.

కసాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "మారో నక్కో. ప్యార్ సే బులావో." కొట్టొద్దు, ప్రేమగా పిలవండి, అని.

అందరూ నావైపు తిరిగారు.

"పిలువు" అంది అత్త.

"నేను పిలువ."

"ఆ మాటలు తెచ్చింది నువ్వే కదనే. పిలువు."

"పాలకు తెచ్చిన. గిందుకు కాదు."

ఆ ఇంట్లో అత్త చెప్పిన పని చేయనని అనడం అదే మొదటిసారి. మా ఆయన తల దించుకున్నాడు. అత్త దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "పిలువకుంటే తన్ని తోలుతరు. కర్ర ఇరిగేదాక తంతరు. గది నీకు మంచిగున్నదా?" అంది. పిలిస్తే నమ్మి వస్తుంది, పిలవకపోతే దెబ్బలు తింటుంది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. నా చెంపల మీదుగా కారుతున్నది తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది, చుక్కబర్రె ముందరికి వెళ్ళి గడపలో నిలబడి రెండు చేతులూ చాచింది.

"ఆ జా బేటీ" అంది. "ఆ జా మేరీ బేటీ."

ఒక్క అక్షరం తడబడలేదు. చివర్లో ఆ సాగదీయడం కూడా అచ్చు బీబీదే. బీబీని ఆమె ఎన్నడూ చూడలేదు. నేను పాలు పిండుతుంటే వెనక నిలబడి, ఆ దినాలన్నీ విని, నేర్చేసుకుంది. చుక్కబర్రె చెవులు ముందుకొచ్చాయి. పాతేసుకున్న కాలు ఒకటి లేచింది, తర్వాత ఇంకొకటి. తాడు వదులుగానే ఉంది, లాగవలసిన పని పడలేదు. అత్త వెనక్కి వెనక్కి నడుస్తూ పిలుస్తోంది, అది ఆమె అరచేతుల కోసం మెడ చాచి వస్తోంది. సందు దాటి, వంతెన ఎక్కేదాకా నాకా గొంతు వినిపిస్తూనే ఉంది. ఎంత ప్రేమగా ఉందని! వెనక గదిలో దుడ్డె అరుస్తోంది.

అత్త తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. కాళ్ళు కడుక్కుంది, దీపం పెట్టి దండం పెట్టుకుంది. నేను కొట్టంలో, ఖాళీ అయిన గుంజ దగ్గర పేడ ఎత్తుతున్నాను. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వంటింట్లో కంచం చప్పుడైంది. అత్త గడపలోకి వచ్చి నిలబడింది. కోపం లేదు, నేను ఎదురు చెప్పిన సంగతే మరిచిపోయినట్టుంది. మొహం నిండా జాలి ఉంది.

"పొద్దటిసంది ఏం తినకపోతివి. రా బిడ్డా, అన్నం తిందువు, రా" అంది.

మంచి గొంతు. నిజంగానే అన్నం పెట్టడానికే పిలిచిందని నాకు తెలుసు. ఆకలి కూడా మండిపోతోంది. కాళ్ళు మాత్రం లేవలేదు. రెండు చేతులతో గుంజను పట్టుకుని నిలబడ్డాను. అత్త చేతులు చాచి, ఇంకాస్త మెత్తగా, మళ్ళీ పిలిచింది.